హాజరు పలికితేనే ఇంజను

మా అబ్బాయి మధు నెల్లూరులో కొత్త కారు కొన్నాడు. వెనక్కి తీసేటప్పుడు ఎవరైనా అడ్డముంటే అది కుయ్ కుయ్‌మని అరుస్తుంది. మా మనవడు కావాలని వెనకాల నిలబడి దాన్ని అరిపిస్తున్నాడు. "చూశావా అమ్మా, పిల్లలు వెనకుంటే అదే చెప్పేస్తుంది" అని మావాడు గొప్పలు పోయాడు.

"ఓ యబ్బ! నీ కారుకు ఇప్పుడొచ్చినాది నోరు. మనింటి ట్రాక్టరుకు నువ్వు లాగూలు తొడిగే నాడే ఉండినాది" అన్నాను.

వాడు ఇంజను ఆపేశాడు. "సాయిబు తాత" అన్నాడు. ఆ పూట మా ఇద్దరికీ ఇక వేరే మాట లేకపోయింది.

మా అత్తగారి ఊరు ఆత్మకూరు దాటి సోమశిల పోయే దారిలో ఉంటుంది. అప్పట్లో సోమశిల డ్యామ్ పని జరుగుతోంది. లారీలు దుమ్ము లేపుకుంటూ మా ఊరి మీదుగా పోయేవి. వాటిని చూసి చూసి మా మామగారికి కూడా ఇంట్లో ఒక ఇంజను ఉండాలనే కోరిక పుట్టింది. ఎర్ర ట్రాక్టరు ఒకటి, దాని వెనక తగిలించే ట్రక్కు ఒకటి కొన్నారు. ఊళ్ళో అదే మొదటిది. కొనడమైతే కొన్నారు గానీ నడపడం ఇంట్లో ఎవరికీ రాదు. మా ఆయన "ఎద్దుల్ని తోలినోడికి ఇదొక లెక్కా" అని ఎక్కి, నేరుగా వెళ్ళి గడ్డివామిలో దూరాడు. ఆపడం ఆయనకు తెలియదు, వామే ఆపింది. ట్రాక్టరుకు ఏమీ కాలేదు, ఆయనకూ ఏమీ కాలేదు. వామి మీద పడుకున్న కుక్క మాత్రం మూడు రోజులు ఇంటికి రాలేదు. నాలుగో రోజు మా మామగారు ఉదయగిరికి మనిషిని పంపి డ్రైవరును పిలిపించారు.

వచ్చినాయనకు యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ చొక్కా, గళ్ళ లుంగీ. తెల్లటి గడ్డంలో ఎప్పుడూ ఒకేచోట గ్రీజు మరక. చొక్కా జేబులో స్పానరూ దువ్వెనా పక్కపక్కనే ఉండేవి. ఏదో ఆలోచనలో ఉండి స్పానరుతో గడ్డం దువ్వుకోబోవడం నా కళ్ళారా రెండుసార్లు చూశాను. ఊరంతా ఆయన్ని సాయిబు అనేది, పిల్లలు సాయిబు తాత అనేవాళ్ళు. గురువారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయి, శనివారం పొద్దున్నే పిల్లలకు ఉదయగిరి కొయ్య స్పూన్లు తెచ్చేవాడు. వాళ్ళింట్లో అందరూ స్పూన్లు చెక్కే పనే చేసేవాళ్ళట. ఆ స్పూన్లతో మా పిల్లలు అన్నం ఎన్నడూ తినలేదు. ట్రక్కు రేకు మీద వాయించేవాళ్ళు.

మా ఉమ్మడి ఇంట్లో అప్పటికి నలుగురు పిల్లలు. మధు, బుజ్జి నా పిల్లలు. వసంత, రమణ మా తోడికోడలి పిల్లలు. మధుకు ఏడేళ్ళు, బుజ్జికి రెండు, మిగిలిన ఇద్దరూ ఆ మధ్యలో. ట్రాక్టరు వాకిట్లో నిలిపింది మొదలు నలుగురి కాపురమూ దాని కిందనే. పెద్ద టైరు నీడలో గుజ్జనగూళ్ళు, ట్రక్కు కింద దాగుడుమూతలు. నాకైతే ఒకటే భయం. ఏదో ఒక పొద్దున ఎవరో ఇంజను కొడతారు, ఆ చక్రం కింద మా బిడ్డల్లో ఒకరుంటారు. వంటింట్లో పప్పు ఎనుపుతున్నా నా చెవులు వాకిట్లోనే ఉండేవి.

మొదటి రోజు సాయిబు సీటెక్కి కూర్చుంటే చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. ఆయన మాత్రం తాళం తిప్పలేదు.

"ఈ ఇంట్లో పిల్లోళ్ళు ఎంతమంది పెద్దయ్యా?" అని మా మామగారిని అడిగాడు.

మా మామగారు ఏ చేలో ఎన్ని మళ్ళున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఈ ప్రశ్నకు మాత్రం తడబడ్డారు. "ముగ్గురో నలుగురో ఉండారులే. అదంతా నీకెందుకు?"

"ముగ్గురైతే సరే. నలుగురైతే ఆ నాలుగో బిడ్డ యాడుండాది? అది తెలీకుండా నేను ఇంజను కొట్టను."

కిటికీ దగ్గర నిలబడి వింటున్న నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టాక నా మనసులో మాట ఒక మగవాడి నోట వినడం అదే మొదలు.

ఆ రోజే పద్ధతి ఏర్పడింది. పిల్లలందరూ వాకిటి అరుగెక్కాలి. సాయిబు సీటు మీద కూర్చుని ఒక్కొక్కరి పేరే పిలుస్తాడు. వాళ్ళు "హాజర్" అనాలి. మధు గట్టిగా అరిచేవాడు. వసంత అరిచి, తమ్ముడు అరిచాడో లేదో చూసేది. రమణ ఎవరి పేరు పిలిచినా అరిచేవాడు, అందుకని వాడిది చివర్లో మళ్ళీ ఒకసారి సరిచూడాల్సి వచ్చేది. బుజ్జి మాత్రం మొదటి పిలుపుకు పలికేది కాదు. రెండో పిలుపుకూ పలికేది కాదు. మూడోసారి ఆయన గొంతు తగ్గించి "బుజ్జమ్మగారూ" అని బతిమాలితే, అప్పుడు "ఆజల్" అనేది. ఆ "గారూ" కోసమే ఆ బెట్టంతా. అందరిదీ అయ్యాక సాయిబు కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేవాడు. దువా చదువుకుంటున్నాడు కాబోలు అనుకునేవాళ్ళం. అది కూడా అయ్యాకే తాళం తిప్పేవాడు.

వారం తిరక్కుండానే హాజరు పట్టీ పెరిగింది. మా అత్తగారు ఆ టైరుకు వీపు ఆనించి కూర్చుని చింతపండు గింజలు తీసేది. అది చూసి సాయిబు మర్నాడు ఆవిడనూ పిలిచాడు.

"పెద్దమ్మగారూ!"

"నన్ను గూడా పిల్లోళ్ళలో కలిపినావా? నా వయసేంది, నీ పిలుపేంది?"

"హాజర్ అనండి పెద్దమ్మగారూ, చేనికి పోవాల."

"ఉండాలే, చావలా ఇంకా."

ఉన్నానులే అని. ఆవిడ హాజరు అదే. ఎనిమిదేళ్ళూ ఆ మాట మారలేదు. ఒకసారి పుట్టింటికి పోయి రెండు రోజులకు తిరిగొచ్చింది. వచ్చిన సంగతి తెలియక సాయిబు ఆవిడ పేరు పిలవకుండా పోయాడు. "బతికుండంగానే నన్ను లెక్కలోనుంచి తీసేసినాడు" అని ఆ పూట అన్నం తినలేదు.

తర్వాత ఎర్రదూడ చేరింది. దానికి నోరు లేదు కదా, ఎలా? దాని మీద చెయ్యి వేసి రమణ "అంబా" అనాలని తీర్మానం. అప్పుడే సాయిబు పిల్లలకు గట్టిగా చెప్పాడు. "నోరు లేనిదానికి ఇంకొకరు పలకొచ్చు. నోరున్నోళ్ళు ఎవురిది వాళ్ళే పలకాల." రమణ ఆ ఉద్యోగాన్ని ఎంత శ్రద్ధగా చేశాడంటే బళ్ళో అయ్యవారు పేరు పిలిచినా "అంబా" అన్నాడు.

చెప్పి వదిలేసే రకం కాదు సాయిబు, చూపించే రకం. మా బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. ఇంజను చక్రానికీ పంపుకూ మధ్య జానెడు వెడల్పు బెల్టు తిరిగేది. పిల్లలకు దాన్ని చూస్తే చెయ్యి పెట్టాలని ఒకటే దురద. నేను అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాను. ఒకరోజు సాయిబు ఇంటికొచ్చి, "చిన్నమ్మా, పాపది పాతగౌను ఒకటి, లేత సొరకాయ ఒకటి ఇప్పించండి" అన్నాడు. దిష్టిబొమ్మకు కాబోలు అనుకుని ఇచ్చి, వెనకాలే నేనూ వెళ్ళాను.

నలుగురినీ దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు. సొరకాయకు గ్రీజుతో కళ్ళూ నోరూ పెట్టి గౌను తొడిగి, పొడుగాటి కర్ర చివర కట్టాడు.

"దీని పేరు సొరమ్మ. అయిదేళ్ళు. చెప్పిన మాట వినదు" అని పరిచయం చేసి, కర్ర మెల్లిగా ముందుకు జరిపాడు. "సొరమ్మా, బెల్టు కాడికి పోబాక తల్లీ. పోబాకన్నానా? వినదే! అయ్యో, మీరైనా చెప్పండబ్బా."

"పోబాక సొరమ్మా!" అని నలుగురూ గొంతు చించుకున్నారు.

సొరమ్మ వినలేదు. గౌను అంచు బెల్టుకు తగిలింది. మూడు చుట్లు గిర్రున తిరిగి టప్పుమంది. నీళ్ళు ఎంతవరకు పారాయో చూద్దామని అప్పుడే వచ్చిన మా మామగారి తెల్లపంచె మీద సగం సొరమ్మ పడింది. ఆయన కదలకుండా నిలబడి మీసం మీది గుజ్జు తుడుచుకున్నారు.

"సొరమ్మ చచ్చిపొయ్యిందా తాతా?" అన్నాడు రమణ.

"పొయ్యింది నాయనా. చెప్తే వినలేదు గదా."

ఆ తర్వాత మా పిల్లలు బెల్టుకు పది గజాల దూరం నుంచే నడిచారు. చిక్కల్లా సొరకాయ కూరతోనే వచ్చింది. వండితే వసంత "మనిషిని ఎట్టా తినేది?" అని ఏడ్చింది. ఇప్పటికీ అది సొరకాయ తినదు. ఒంటికి పడదు కాబోలని వాళ్ళ అత్తగారు అనుకుంటారు, మేము చెప్పలేదు.

ఇంత జాగ్రత్త మనిషికి ఊరికే వస్తుందా? ఏదో జరిగే ఉంటుందని నా అనుమానం. ఒకనాడు మజ్జిగ ఇస్తూ అడిగేశాను. "సాయిబూ, ఈ హాజరు నీకు ఎట్టా అలవాటైంది?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "కలువాయిలో ఒక ఆసామి కాడ చేస్తా ఉన్నప్పుడు, బండి ఎనక్కి తీస్తా ఒక కోడిపెట్టను తొక్కినా చిన్నమ్మా. దానికి ఎనిమిది పిల్లలు. ఎనిమిదీ టైరు చుట్టూ చేరి నా మొహం కల్లా చూసినాయి." అంతే చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

కోడి కోసం ఎవరైనా ఇంత చేస్తారా? కోడి అని పైకి అంటున్నాడు గానీ, అది ఆయన బిడ్డే. నాకు నేనే తేల్చుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. కడుపులో దాచుకోలేక తోడికోడలితో అన్నాను. ఆమె ఎవరితోనూ అనొద్దని చెప్పి పక్కింటామెతో అంది. ఆ మాట చెరువు దాకా పోయి వెనక్కొచ్చేసరికి, కలువాయిలో సాయిబుకు ఇద్దరు బిడ్డలు పోయారని, ఒకడు మూగవాడని తేలింది. దాంతో ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆయన్ని ఆపి ఆపి మజ్జిగ పోయడం మొదలుపెట్టారు. పొట్ట పట్టుకుని ఆయన ఒకరోజు నన్నే అడిగాడు.

"ఏంది చిన్నమ్మా, ఈ ఊళ్ళో ఏ ఇంటి ముందర బండి ఆపినా మజ్జిగ తాగందే పోనీరు? తాగకపోతే ఏడస్తా ఉండారు."

"మా ఊరి మర్యాద సాయిబూ" అన్నాను.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి.

కళ్ళంలో తూర్పారబట్టిన వడ్లు రాశిగా ఉన్నాయి. మధ్యాహ్నం వెలిగొండల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ట్రక్కు తీసుకుని పోయి వడ్లు ఇంటికి చేర్చకపోతే ఏడాది కష్టం తడిసిపోతుంది. మా మామగారు వాకిట్లో నిలబడి "పోనీ, పోనీ" అని కేకలు. మా ఆయన అప్పటికే కళ్ళంలో ఉన్నాడు. నేను బస్తాలు తెచ్చి ట్రక్కులో పడేస్తున్నాను. ఆ హడావుడిలో నా చెవులు మొదటిసారి వాకిలిని మరిచిపోయాయి. మబ్బు చీకట్లో అరుగు సరిగ్గా కనిపించకపోయినా, సాయిబు మాత్రం సీటెక్కి హాజరు మొదలుపెట్టాడు. మధు ట్రక్కులోనే కూర్చుని "హాజర్" అన్నాడు. వసంత, రమణ అరుగు మీద నుంచి పలికారు. మా అత్తగారు "ఉండాలే" అంది. దూడకు రమణ పలికాడు.

"బుజ్జమ్మా!"

"ఆజల్!"

సాయిబు పెదాలు కదిలించాడు. తాళం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీసేశాడు.

"ఇంకేంది? పోనీరా సాయిబూ, చినుకులు పడతా ఉండాయి!" అని మా మామగారు అరిచారు.

"బుజ్జమ్మ మొదటి పిలుపుకే పలికినాది పెద్దయ్యా."

"పలికినాది గదా!"

"ఏనాడన్నా పలికినాదా?"

తాళం ఊడబీకి జేబులో వేసుకుని దిగాడు. మా మామగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన వినిపించుకోలేదు. వంగి ట్రాక్టరు కింద చూశాడు. వెనక్కి నడిచి ట్రక్కు కింద చూశాడు. అలాగే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యి చాపి, ట్రక్కు చక్రానికి తల ఆనించి నిద్రపోతున్న బుజ్జిని బయటికి తీశాడు. దాని చేతిలో కొయ్య స్పూను, మొహమంతా గ్రీజు. ఊపిరి తీస్తోంది, చక్కగా గురక కూడా పెడుతోంది.

నేను బస్తాల మీద కూర్చుండిపోయాను. మా అత్తగారు గుండెలు బాదుకుని, ఎవర్ని తిట్టాలో తెలియక ట్రాక్టరును తిట్టింది. సాయిబు బుజ్జిని నాకివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ గోలకు బుజ్జి లేచింది. చుట్టూ అందరూ ఏడవడం చూసింది. తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుందో ఏమో, ఎవరూ పిలవకుండానే "ఆజల్" అంది.

అంతలో వాన దిగింది. "తడిస్తే తడిసినాయిలే. ఎండకు పోస్తే ఆరతాయి" అన్నారు మా మామగారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఇంట్లోకి పోయి గొడుగు తెచ్చారు. ఎవరికి పట్టాలో తోచక ట్రాక్టరుకు పట్టి నిలబడ్డారు.

బుజ్జి బదులు పలికింది ఎవరో అడగనవసరం లేకపోయింది. ట్రక్కులోంచి మధు తనంతట తనే దిగొచ్చాడు. దాని బెట్టుతో ఆలస్యమవుతుందని, కళ్ళానికి త్వరగా పోవాలని చెల్లెలి గొంతు పెట్టాడట. మా ఆయన ఉంటే వీపు చిట్లేది. సాయిబు చెయ్యెత్తలేదు.

"మధూ, నీది నువ్వు పలుకు నాయనా. నోరుండే మనిషికి ఇంకొకరు హాజర్ చెప్పబాక" అన్నాడు. లేచి తాళం అరుగు మీద పెట్టి, ఆ వానలోనే ఉదయగిరి బస్సెక్కి పోయాడు.

మూడు రోజులు ట్రాక్టరు కదలలేదు. తాళం అరుగు మీదే ఉంది. మా ఆయన తాళం వైపు చూస్తే, మా మామగారు గడ్డివామి వైపు చూసేవారు. ఇక ఆయన రాడేమోనని నాకు దిగులు పట్టుకుంది. వేరే డ్రైవరు దొరుకుతాడు, కానీ ఆ నాలుగో బిడ్డ ఎక్కడుందని అడిగేవాడు దొరుకుతాడా? మధు అన్నం సరిగ్గా తినలేదు. బస్సు వచ్చే వేళకు పోయి రోడ్డు మీద నిలబడేవాడు.

నాలుగో రోజు సాయిబు దిగాడు. ఒక చేతిలో ఎర్ర రంగు డబ్బా, రెండో చేయి మధు పట్టుకుని ఉన్నాడు.

"ఇంక చెవులను నమ్మను చిన్నమ్మా. కళ్ళతో చూస్తేనే" అన్నాడు.

అరుగు మీద వరసగా ఎర్రటి గుండ్రాలు గీశాడు. ఒక్కొక్కరు ఒక్కో గుండ్రంలో నిలబడి పలకాలి. మా అత్తగారిది కొంచెం పెద్దది, పీట పట్టేలా. అన్నీ అయ్యాక చివర ఇంకొకటి గీసి మా మామగారి వైపు చూశాడు.

"అదెవురికి?" అన్నారాయన.

"తొందర పెట్టేవాళ్ళకు పెద్దయ్యా."

ఊళ్ళో పంచాయతీలు తీర్చే మనిషి, మారు మాట్లాడకుండా వెళ్ళి గుండ్రంలో నిలబడ్డారు. "హాజర్" అన్నారు. మా తోడికోడలూ నేనూ వంటింట్లోకి పరుగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఎనిమిదేళ్ళు అలా సాగింది. తర్వాత ఆయన కళ్ళకు పొర కమ్మింది. "నా కళ్ళు హాజర్ పలకడంలా పెద్దయ్యా" అని తాళం తనే ఇచ్చేసి ఉదయగిరి వెళ్ళిపోయాడు. మరో రెండేళ్ళకు, జ్వరంతో పోయాడని బస్సు కండక్టరు చెప్పాడు. ఆత్మకూరులో జీపు మాట్లాడుకుని అందరం బయల్దేరాం. మోకాళ్ళ నొప్పులతో మా మామగారు రాలేదు, ఆయన దగ్గర మా ఆయన ఆగాడు. మా అత్తగారు మాత్రం ముందు సీటు తనదేనని ముందే చెప్పి ఎక్కింది.

కొండ కింద సన్నటి సందులో ఇల్లు. వసారా నిండా స్పూన్లు చెక్కిన పొట్టు. ముగ్గురు కొడుకులు లేచి మమ్మల్ని కూర్చోబెట్టారు. మొగుడు పోయిన ఆడవాళ్ళు వాళ్ళలో కొన్నాళ్ళు గడప దాటరు. అందుకని సాయిబు భార్య తలుపు పరదా వెనకే ఉంది. మా తోడికోడలూ నేనూ లోపలికెళ్ళి పక్కన కూర్చున్నాం. కాసేపు ఏడుపులయ్యాక పదేళ్ళుగా మనసులో ఉన్నది మెల్లిగా అడిగాను.

"అక్కా, కలువాయిలో మీ బిడ్డ ఒకరు..."

ఆమె కళ్ళు తుడుచుకోవడం ఆపింది. "బిడ్డా? మాకు ముగ్గురేనమ్మా. ముగ్గురూ వసారాలో ఉండారు గదా."

"మరి కలువాయిలో?"

"కోడి."

"కోడేనా?"

"కోడేనమ్మా. ఆ ఎనిమిది పిల్లల్నీ బుట్టలో పెట్టుకోని బస్సులో తెచ్చినాడు. అన్నం ముందర కూచోని ఒకటే ఏడుపు. ఇది కోడి గాబట్టి సరిపొయ్యింది, బిడ్డయ్యుంటే నేనేం గావాల అని. ఆ పిల్లల్ని నేనే సాకినా."

మా తోడికోడలు నా వైపు చూసింది. ఊరంతా పోసిన మజ్జిగ గుర్తొచ్చి ఇద్దరికీ నవ్వాగలేదు. సంగతి చెబితే ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. "అందుకా, ఆ ఊరి మజ్జిగ అంటే భయపడేవాడు!" లేని దుఃఖాన్ని ఆయనకు అంటగట్టి నేను జాలిపడ్డాను. ఆయనకున్న దుఃఖం కోడి దుఃఖమే. నా బిడ్డను బతికించింది అదే.

సెలవు తీసుకుని బయటికొచ్చాం. డ్రైవరు జీపు స్టార్టు చేశాడు. ఆ చప్పుడు వినగానే, ఎక్కాల్సిన మా నలుగురు పిల్లలూ పోయి వసారా గోడ పక్కన వరసగా నిలబడ్డారు. మధు అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు, మీసాలొస్తున్నాయి. బుజ్జికి పన్నెండేళ్ళు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఇంజను మోగింది, నిలబడ్డారు.

"ఏందబ్బా, ఎక్కరా?" అన్నాడు డ్రైవరు.

అప్పుడు పరదా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "మధూ!"

మేమందరం అటు తిరిగాం. ఆమె ఎన్నడూ మా ఊరు రాలేదు. మా పిల్లల్ని చూడడం ఆ రోజే. శుక్రవారం ఇంటి దగ్గర ఉన్నా, అన్నం ముందర కూర్చుని ఆయన ఈ పట్టీ అంతా వల్లించేవాడట. ఆ సంగతి తర్వాత వాళ్ళ పెద్దకొడుకు చెప్పాడు.

"హాజర్" అన్నాడు మధు.

"వసంతా!" "హాజర్." "రమణా!" "హాజర్."

"బుజ్జమ్మా!" అది పలకలేదు. "బుజ్జమ్మా!" తల వంచుకుంది. "బుజ్జమ్మగారూ..." అప్పుడు ఏడుస్తూ పలికింది.

"పెద్దమ్మగారూ!"

"ఉండాలే" అంది మా అత్తగారు జీపులోంచి. రెండో ముక్క అనలేదు.

"ఎర్రదూడా!" ఎర్రదూడ అప్పటికి నాలుగు ఈతలు ఈనింది. అయినా రమణ, గొంతు మారే వయసులో ఉన్నవాడు, సిగ్గుపడకుండా "అంబా" అన్నాడు.

అయిపోయిందనుకుని డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు. పరదా వెనక నుంచి ఇంకొక పిలుపు మెల్లిగా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేది సరిగ్గా ఇక్కడే.

"కలువాయి కోడిపెట్టా!"

మేము దువా అనుకున్నది ఈ పిలుపే. ఆ వాన రోజు నుంచి మా మధు ఇంకొకరి హాజరు ఎన్నడూ పలకలేదు. బళ్ళో స్నేహితులు ఎంత బతిమాలినా పలకలేదు. వాడు నా వైపు ఒకసారి చూసి, పరదా వైపు తిరిగాడు.

"హాజర్" అన్నాడు. అప్పుడు జీపు కదిలింది.